ఐదేళ్ల పాపకు ఆటలమ్మ: మందుల కంటే ముందు తేదీ రాసుకోండి

మీరడిగింది క్లుప్తంగా: ఐదేళ్ల పాప, బరువు 18 కిలోలు. నిన్న సాయంత్రం పొట్ట మీద, వీపు మీద ఎర్రటి పొక్కులు కనిపించాయి. ఈ ఉదయానికి కొన్నిట్లో నీరు చేరింది. జ్వరం 101 డిగ్రీల ఫారన్‌హీట్. డాక్టరు చూసి ఆటలమ్మే అన్నారు, ఇంట్లోనే చూసుకోమన్నారు. స్నానం చేయించొచ్చా, జ్వరానికి ఏ మందు ఎంత, దురదకి ఏం రాయాలి, స్కూలుకి ఎప్పుడు పంపాలి, ఎనిమిది నెలల తమ్ముడి సంగతేంటి అని అడిగారు. చివర్లో ఒక్క వాక్యం రాశారు, మొన్న మీ చెల్లెలు వచ్చి పాపతో సాయంత్రమంతా గడిపిందని, ఆమెకి మూడో నెల అని. అన్నిటికంటే ముందు తేల్చాల్సింది ఆ వాక్యమే.

ముందు సూటిగా జవాబులు. స్నానం చేయించండి. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే ఇవ్వండి. ఐబుప్రొఫెన్ వద్దు, ఆస్పిరిన్ అసలే వద్దు. దురదకి గోరువెచ్చని నీళ్లు, కాలమైన్ లోషన్, పొట్టిగా కత్తిరించిన గోళ్లు. ఆఖరి పొక్కు కూడా ఎండి పక్కు కట్టాక స్కూలు. చెల్లెలికి మాత్రం ఇది చదవడం ఆపి ఇప్పుడే ఫోన్ చేయండి.

చెల్లెలి విషయం ఎందుకు తొందర. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఈ వైరస్ గాలి ద్వారా అంటుకుంటుంది. పాపకి నిన్న పొక్కులు వచ్చాయి, చెల్లెలు మొన్న వచ్చింది. కాబట్టి పాపకి అప్పటికి ఏమీ కనిపించకపోయినా ఆమె వైరస్‌కి ఎదురైనట్టే లెక్క. ఆమెకి చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చి ఉంటే, లేదా టీకా రెండు డోసులూ వేయించుకుని ఉంటే కంగారు పడాల్సింది దాదాపు లేదు. అయినా తన డాక్టరుకి ఒక మాట చెప్పాలి. ఖచ్చితంగా తెలియకపోతే రక్తంలో వెరిసెల్లా ఐజీజీ పరీక్ష చేయిస్తారు, ఒంట్లో ఆటలమ్మని అడ్డుకునే రక్షణ ఉందో లేదో అది చెబుతుంది. రక్షణ లేదని తేలితే ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల) ఇంజెక్షనో, వైరస్‌ని అణిచే యాసిక్లోవిర్ మాత్రలో ఏది సరిపోతుందో ఆమె డాక్టరు నిర్ణయిస్తారు. ఆ ఇంజెక్షన్ వైరస్‌కి ఎదురైన పది రోజుల లోపు పడాలి, ఎంత ముందైతే అంత మేలు. టీకా మాత్రం గర్భంతో ఉండగా వేయరు, అది బతికున్న వైరస్‌ని బలహీనపరచి చేసిన టీకా. గర్భిణులకి ఆటలమ్మ వస్తే న్యుమోనియా ముదిరే ప్రమాదం ఉంది. మొదటి 20 వారాల్లో వస్తే అరుదుగానైనా బిడ్డ మీద కూడా ప్రభావం ఉంటుంది. "పొక్కులు వస్తే అప్పుడు చూద్దాం" అని ఆగితే ఇంజెక్షన్ వేయాల్సిన గడువు దాటిపోతుంది.

ఇక పాప దగ్గరకి వద్దాం.

ఒక కాగితం తీసుకుని మొదటి పొక్కు కనిపించిన తేదీ రాసి గోడకి అంటించండి. ఇకపై మీరు తీసుకోవాల్సిన నిర్ణయాలన్నీ ఆ తేదీ నుంచి లెక్కపెట్టేవే. జ్వరం ఎన్నో రోజుకి తగ్గాలి, కొత్త పొక్కులు ఎప్పుడు ఆగాలి, బాబుకి ఎప్పటి నుంచి ఎప్పటి దాకా కనిపెట్టి ఉండాలి, స్కూలు ఎప్పుడు, అన్నిటికీ అదే మొదలు. "నాలుగైదు రోజులైంది" అని వచ్చేవాళ్లకీ "ఫలానా తేదీ సాయంత్రం మొదలైంది, నిన్నటికి జ్వరం పోయింది, ఈ రోజు మళ్లీ వచ్చింది" అని చెప్పేవాళ్లకీ చాలా తేడా ఉంది. రెండో మాట వినగానే ఏ డాక్టరైనా జాగ్రత్త పడతారు. పక్కనే రోజూ జ్వరం ఎంత, మందు ఏ టైముకి ఇచ్చారు, మూత్రం ఎన్నిసార్లు పోసింది అని మూడు గడులు గీయండి. అంతకంటే అక్కర్లేదు.

మామూలుగా ఇది నడిచే తీరు ఇలా ఉంటుంది. పొక్కులు ముఖం, తల, ఛాతీ, వీపు దగ్గర మొదలై చేతులకీ కాళ్లకీ పాకుతాయి. మూడు నాలుగు రోజుల పాటు విడతలు విడతలుగా కొత్తవి లేస్తూనే ఉంటాయి. అందుకే ఒకే చోట ఎర్ర చుక్క, నీటి పొక్కు, ఎండిన పక్కు మూడూ పక్కపక్కన కనిపిస్తాయి. ఆటలమ్మని గుర్తుపట్టడానికి ఇదే మంచి ఆనవాలు. టీకా వేయని పిల్లలకి మొత్తం మీద 250 నుంచి 500 పొక్కులు రావడం మామూలే. రెండో రోజు, మూడో రోజు ఒళ్లంతా నిండిపోతుంటే "ముదిరిపోతోంది" అని బెదిరిపోతారు, కానీ అది దాని దారి. ఐదో రోజుకి కొత్తవి దాదాపు ఆగిపోయి, పాతవి పక్కు కట్టడం మొదలవ్వాలి. జ్వరం మూడు నాలుగు రోజుల్లో పోవాలి. ఏ రోజు ఎంత తీవ్రంగా ఉందన్నదాని కంటే, నాలుగో రోజు తర్వాత పరిస్థితి మెరుగయ్యే వైపు తిరిగిందా లేదా అన్నదే నేను పట్టించుకునేది.

జ్వరం మందు. పారాసిటమాల్ కిలో బరువుకి ఒక డోసుకి 15 మిల్లీగ్రాములు. మీ పాపకి 18 × 15 = 270 మి.గ్రా. ఇక్కడే పొరపాట్లు జరుగుతాయి, ఎందుకంటే సిరప్‌లు రకరకాల గాఢతల్లో దొరుకుతాయి. 5 మి.లీ.కి 120 మి.గ్రా. ఉన్న సీసా అయితే 11 మి.లీ. 5 మి.లీ.కి 250 మి.గ్రా. ఉన్నదైతే 5 మి.లీ. చాలు. 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఉండే చుక్కల మందైతే 2.7 మి.లీ. మాత్రమే. మీ ఇంట్లో బాబు కోసం చుక్కల మందు సీసా ఉండే ఉంటుంది. దాన్ని సిరప్ అనుకుని పోస్తే డోసు రెట్టింపు, ఒక్కోసారి నాలుగింతల దాకా వెళ్తుంది. కాబట్టి సీసా మీద రాసింది చదివి, మందుతో పాటు వచ్చిన సిరంజితోనో కొలత మూతతోనో ఇవ్వండి, వంటింటి చెంచాతో వద్దు. డోసుకీ డోసుకీ మధ్య కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు గంటలు. 24 గంటల్లో నాలుగు డోసులు మించకూడదు. పాప 101 డిగ్రీల జ్వరంతోనే ఆడుకుంటూ, నీళ్లు తాగుతూ ఉంటే మందు ఇవ్వకపోయినా ఏమీ కాదు. మందు పాప హాయి కోసం, థర్మామీటరు అంకె కోసం కాదు.

జలుబు, దగ్గు సిరప్‌లు కూడా ఇస్తున్నారా? చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. ఆటలమ్మ ఉన్నన్నాళ్లూ అవి పక్కన పెట్టేయండి.

ఐబుప్రొఫెన్ ఎందుకు వద్దంటున్నానంటే, ఆటలమ్మ ఉన్న పిల్లల్లో దాని వాడకానికీ, చర్మం లోతుల్లోకి పాకే స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్లకీ సంబంధం కనిపించింది. అవి అరుదే, కానీ వస్తే చాలా తీవ్రంగా ఉంటాయి. పారాసిటమాల్ ఉండగా ఆ ప్రమాదం కొని తెచ్చుకోవడం దేనికి? మెఫెనామిక్ యాసిడ్ కూడా అదే కుటుంబానికి చెందిన మందు, దాన్నీ ఇవ్వకండి. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ రెండూ కలిపిన సిరప్‌లు ఉంటాయి కాబట్టి పేరు కాదు, లోపల ఏముందో చదవండి. ఇప్పటికే ఒక డోసు ఇచ్చేసి ఉంటే భయపడక్కర్లేదు, ఇక ఇవ్వకండి, అంతే. ఆస్పిరిన్ సంగతి వేరు. ఆటలమ్మ, ఫ్లూ లాంటి జబ్బుల్లో అది తీసుకున్న పిల్లలకి కాలేయం, మెదడు దెబ్బతినే రే సిండ్రోమ్ రావచ్చు. 1963లో ఈ జబ్బుని వివరించిన ఆస్ట్రేలియా పాథాలజిస్ట్ డగ్లస్ రే పేరే దానికి పెట్టారు. ప్రాణాల మీదకి తెచ్చే జబ్బు అది. శాలిసిలేట్ అన్న మాట ఉన్న ఏ మందైనా, కొన్ని విరేచనాల మందులూ నోటిపూత జెల్లులతో సహా, ఈ లెక్కలోకే వస్తుంది.

దురద. తల్లిదండ్రుల్ని నిద్ర లేకుండా చేసేది జ్వరం కంటే ఇదే. గోకితే రెండు నష్టాలు: గోళ్ల కింది క్రిములు పొక్కులోకి దిగి చీము పట్టడం, పక్కు ఊడి శాశ్వతంగా గుంట పడటం. అందుకే మొదటి మందు నెయిల్ కట్టర్. ఈ రాత్రే గోళ్లు పొట్టిగా తీసి, అంచులు ఆకురాయితో నున్నగా చేయండి. రోజుకి నాలుగైదు సార్లు సబ్బుతో చేతులు కడిగించండి. రాత్రి నిద్రలో గోకుతుంటే చేతులకి పలచని కాటన్ సాక్సులు తొడగండి. "గోకొద్దు" అని అరిచే బదులు, దురద పెట్టిన చోట అరచేత్తో మెల్లగా తట్టడమో, తడి గుడ్డ ఆనించి పెట్టడమో నేర్పండి. ఐదేళ్ల పిల్లలు ఇది బాగానే నేర్చుకుంటారు.

స్నానం గోరువెచ్చని నీళ్లతో, 10 నుంచి 15 నిమిషాలు. మొదటి మూడు నాలుగు రోజులు రోజుకి రెండు మూడు సార్లైనా పర్వాలేదు. వేడినీళ్లు దురదని పెంచుతాయి. మరీ చల్లని నీళ్లకి పిల్ల వణుకుతుంది, వణుకు జ్వరాన్ని ఇంకా పైకి తోస్తుంది. సబ్బు మెత్తనిది కొద్దిగా వాడొచ్చు, పీచుతో రుద్దడం మాత్రం వద్దు. తలస్నానం కూడా చేయించొచ్చు. తలలో పొక్కులుంటాయి కాబట్టి వెడల్పు పళ్ల దువ్వెన వాడి, జుట్టు వదులుగా కట్టండి. తుడిచేటప్పుడు మెత్తటి తువ్వాలుని ఒంటికి అద్దండి, రాయకండి. తువ్వాలు పాపకి విడిగా ఉండాలి, రోజూ ఉతకాలి.

నీళ్లలో ఓట్స్ పొడి కలిపితే కొందరు పిల్లలకి బాగా ఉపశమనం ఉంటుంది. మామూలు ఓట్స్‌ని మిక్సీలో పిండిలా చేయాలి. గ్లాసు నీళ్లలో ఒక చెంచా వేసి కలిపి చూడండి. నీళ్లు పాలలా తెల్లబడితే సరిపోయింది. అడుగున పేరుకుంటే ఇంకా మెత్తగా పట్టాలి. దాన్ని వేశాక టబ్బు, నేల జారుతాయి, పాప చెయ్యి వదలకండి. క్రిములు చావాలని ఘాటైన యాంటీసెప్టిక్ ద్రావణం నీళ్లలో పోసేవాళ్లు ఎక్కువ. పచ్చి పొక్కుల మీద అది మంట పుట్టించడం, చర్మాన్ని ఎండగట్టడం తప్ప వైరస్‌ని ఏమీ చేయలేదు. వైరస్ ఒంటి లోపల ఉంది.

స్నానం చేసి ఒళ్లు ఆరాక కాలమైన్ లోషన్. సీసా బాగా కుదపాలి, లేకపోతే పైన నీళ్లే వస్తాయి. దూదితో ఒక్కో పొక్కు మీద అద్దండి, ఒళ్లంతా పూయక్కర్లేదు. రోజుకి మూడు నాలుగు సార్లు చాలు. మళ్లీ రాసే ముందు పాత పూత నీళ్లతో కడిగేయాలి, లేకపోతే పొరలు పొరలుగా గట్టిపడి లాగుతూ దురద ఇంకా ఎక్కువవుతుంది. కళ్ల దగ్గర, నోట్లో, చితికి పచ్చిగా ఉన్న పొక్కుల మీద వద్దు. కాలమైన్‌లో డైఫెన్‌హైడ్రమైన్ అనే అలర్జీ మందు కలిపిన రకాలు కూడా ఉంటాయి, అవి తీసుకోకండి. ఒళ్లంతా పొక్కులున్నప్పుడు ఆ మందు చర్మం గుండా రక్తంలోకి ఎక్కువగా చేరి పిల్లల్ని మత్తులోకో, కలవరంలోకో నెట్టగలదు. టాల్కం పౌడరు కూడా చల్లకండి. తడి పొక్కుల్లో ముద్దకట్టి, కింద చీము పడుతున్నా కనిపించనివ్వదు.

వీటితో దురద ఆగకపోతే సెటిరిజిన్ అనే అలర్జీ సిరప్ గురించి మీ డాక్టరుని అడగండి. రెండేళ్ల నుంచి ఐదేళ్ల పిల్లలకి సాధారణంగా 2.5 మి.గ్రా. చొప్పున రోజుకి రెండు సార్లు ఇస్తారు. మామూలు సిరప్‌లో 5 మి.లీ.కి 5 మి.గ్రా. ఉంటుంది, అంటే డోసుకి 2.5 మి.లీ. నిద్రే పట్టకపోతుంటే మగత తెచ్చే పాత రకం మందుని డాక్టరు రాత్రికి రాయవచ్చు. ఆ రెండూ కలిపి మీ అంతట మీరు ఇవ్వకండి.

చల్లగా ఉంచడం అన్నిటికంటే తేలికైన చికిత్స. వదులైన పలచటి నూలు బట్టలు, ఫ్యాన్, ఎండలోకి పంపకపోవడం. దుప్పట్లు కప్పి చెమట పట్టిస్తే దురద రెట్టింపవుతుంది. చర్మం ముందే కంది ఉన్న చోట, అంటే డైపరు కట్టే చోట, ఎండకి కమిలిన చోట, ఎగ్జిమా ఉన్న చోట పొక్కులు ఒత్తుగా లేస్తాయి.

నోరు, నీళ్లు, మూత్రం. నోట్లో, గొంతులో కూడా పొక్కులు లేస్తాయి. అవి నీటి పొక్కులుగా ఎక్కువసేపు నిలవవు, చితికి తెల్లటి పుళ్లవుతాయి. అందుకే పిల్లలు అన్నం ముట్టరు. రెండు రోజులు తిండి తగ్గినా పర్వాలేదు, నీళ్లు మాత్రం తగ్గకూడదు. ఉప్పు, కారం, పులుపు, వేడి లేకుండా మెత్తగా, చల్లగా ఏది తినగలిగితే అది పెట్టండి. ఈ జబ్బులో ఫలానాది తినకూడదన్న నియమం వైద్యపరంగా లేదు, నోరు మండించేవి తప్ప. అసలే తాగనంటే ఓఆర్‌ఎస్ రెండు మూడు నిమిషాలకి ఒక చెంచా చొప్పున పట్టండి. గ్లాసు ముందు పెట్టి బలవంతం చేసే కంటే ఇలా గంటలో ఎక్కువే లోపలికి వెళ్తుంది. ఆరు నుంచి ఎనిమిది గంటలకి ఒకసారైనా మూత్రం రావాలి.

ఆడపిల్లల విషయంలో తల్లులు గమనించని సంగతి ఒకటుంది. మూత్రద్వారం దగ్గర పొక్కులుంటే మంటకి భయపడి మూత్రం బిగబడతారు, మూత్రం రాకూడదని నీళ్లు తాగడం మానేస్తారు. పాప ఎందుకు తాగట్లేదో అర్థం కాకపోతే అక్కడ చూడండి. గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోబెట్టి అందులోనే మూత్రం పోయమంటే మంట చాలా తగ్గుతుంది. తర్వాత అద్ది ఆరబెట్టి పలచగా పెట్రోలియం జెల్లీ రాయండి.

ఏది మామూలు, ఏది కాదు. ప్రతి పొక్కు చుట్టూ సన్నటి ఎర్రటి అంచు ఉంటుంది, అది మామూలే. ఆ ఎరుపు పాకుతూ పెద్ద మచ్చయితే, ముట్టుకుంటే వేడిగా, గట్టిగా ఉంటే, చీము కారితే అది బ్యాక్టీరియా పని. అనుమానంగా ఉంటే ఎరుపు అంచు వెంట బాల్ పెన్నుతో గీత గీసి టైము రాయండి. రెండు మూడు గంటల్లో గీత దాటితే ఆసుపత్రికి బయల్దేరండి. అంతకంటే ముందే పట్టిచ్చే గుర్తు, దురద పెట్టిన చోట నొప్పి మొదలవడం. ఆటలమ్మ పొక్కు దురద పెడుతుంది కానీ అంతగా నొప్పి పెట్టదు. పాప ఒక కాలు నేల మీద ఆనించనంటే, ఒక చెయ్యి ముట్టుకోనివ్వకపోతే, పైకి పెద్దగా ఏమీ కనిపించకపోయినా అదే రోజు చూపించాలి. చర్మం కింద లోతుగా పాకే ఇన్‌ఫెక్షన్ మొదట అలాగే ఉంటుంది, గంటల్లో ముదురుతుంది.

జ్వరం నాలుగు రోజులు దాటినా, ఒక రోజంతా లేకుండా పోయి మళ్లీ వచ్చినా అదే రోజు డాక్టరుకి చూపించండి. ఈ తిరిగొచ్చిన జ్వరాన్ని "ఇంకా ఆటలమ్మే కదా" అని వదిలేయడం వల్లే పిల్లలు ఆలస్యంగా వస్తుంటారు.

ఊపిరి వేగంగా, కష్టంగా తీస్తుంటే న్యుమోనియా అయ్యుండొచ్చు. జ్వరం తగ్గి నిద్రపోతున్నప్పుడు పూర్తి నిమిషం లెక్కపెట్టండి. మీ పాప వయసుకి 40, బాబుకి 50 చేరితే వేగమే. మామూలుగా కోలుకుంటున్న పిల్ల నడకలో తూలుతుంటే, మాట తడబడుతుంటే చిన్నమెదడుకి వాపు సోకిందేమో చూడాలి. ఇది పొక్కులు వచ్చిన వారానికి కూడా మొదలవ్వచ్చు. లేపితే లేవకపోవడం, మెడ పట్టేయడం, ఫిట్స్, ఆగని వాంతులు, పొక్కుల్లో రక్తం చేరి ఊదా రంగులోకి మారడం, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో ఆగకండి. కనురెప్ప మీద పొక్కు ఉండటం మామూలే. కన్ను ఎర్రబడి, నొప్పి పెట్టి, వెలుతురు చూడలేకపోతే మాత్రం కంటి డాక్టరు చూడాలి. ఎక్కడికి వెళ్లినా ముందు ఫోన్ చేసి ఆటలమ్మ అని చెప్పి వెళ్లండి. బయట కూర్చున్నవాళ్లలో గర్భిణులు, పసికందులు, కీమోథెరపీ పిల్లలు ఉండొచ్చు.

స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్న పిల్లలు, కేన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లకి ఈ జవాబంతా వర్తించదు. వాళ్లు పొక్కులు రాకముందే, ఆటలమ్మ ఉన్నవాళ్ల దగ్గరకి వెళ్లారని తెలిసిన రోజే డాక్టరుని కలవాలి.

యాసిక్లోవిర్ కావాలా? మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు అంటారు. పన్నెండేళ్ల లోపు ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి అది తప్పనిసరి కాదు. మొదటి 24 గంటల్లో మొదలుపెడితే జ్వరం సుమారు ఒక రోజు ముందు తగ్గుతుంది, పొక్కులు కొన్ని తగ్గుతాయి, అంతే. మూడో రోజు మొదలుపెడితే ఆరోగ్యంగా ఉన్న పిల్లకి చెప్పుకోదగ్గ లాభం ఉండదు. కౌమారంలో ఉన్నవాళ్లకి, ఎగ్జిమా లేదా దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకి, ఇంట్లో ఒకరికి వచ్చాక వాళ్ల నుంచి సోకిన రెండో పిల్లకి డాక్టర్లు దీన్ని ఆలోచిస్తారు. ఆ చివరిది మీ బాబుకి పనికొచ్చే మాట. యాంటీబయాటిక్ మాత్రం బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ సోకితే తప్ప దేనికీ పనికిరాదు.

బాబు. ఒకే ఇంట్లో ఉంటే రక్షణ లేనివాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది దాకా అంటుకుంటుంది. పైగా ఇంట్లో రెండో పిల్లకి సోకితే పొక్కులు మొదటి పిల్ల కంటే ఎక్కువ రావడం సాధారణం, వైరస్ దగ్గర నుంచి ఎక్కువ మోతాదులో అందుతుంది కాబట్టి. బాబు ఇప్పటికే ఎదురయ్యాడు. అయినా పడకలు వేరే గదుల్లో వేయడం, కిటికీలు తెరిచి ఉంచడం వృథా కాదు. టీకా సాధారణంగా ఏడాది నిండాకే. మీకు చిన్నప్పుడు వచ్చి ఉంటే మీ నుంచి వచ్చిన రక్షణ మొదటి నెలల్లో ఉంటుంది, ఎనిమిది నెలలకి దాన్ని నమ్ముకోలేం. పాలు మాన్పించకండి.

ఇక్కడ మళ్లీ గోడ మీది తేదీ. పాపకి మూడో తేదీన పొక్కులొస్తే బాబు ఒకటో తేదీ నుంచే ఎదురవుతున్నట్టు. పొదిగే కాలం 10 నుంచి 21 రోజులు. కాబట్టి బాబుకి పదకొండో తేదీ నుంచి నెలాఖరు దాకా ఎప్పుడైనా రావచ్చు, ఎక్కువగా రెండు వారాలకి. ఆ రోజుల్లో రోజూ స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా చూడండి. మొదటి పొక్కు కనిపించిన రోజే డాక్టరుకి ఫోన్ చేయండి, యాసిక్లోవిర్ ఇవ్వాలో వద్దో తేల్చడానికి 24 గంటలే ఉంటాయి. ఆ మూడు వారాల్లో బాబుని పసిబిడ్డలున్న ఇళ్లకి, గర్భిణుల దగ్గరకి తీసుకెళ్లకండి. మీకు గానీ మీ వారికి గానీ ఎప్పుడూ రాకపోయి ఉంటే, టీకా వేయించుకోవడానికి ఎదురైన మూడు రోజుల లోపు, ఆలస్యమైతే ఐదు రోజుల లోపు వీలుంది. పెద్దవాళ్లకి వస్తే పిల్లల కంటే గట్టిగా వస్తుంది.

స్కూలు. రోజులు కాదు, పక్కులు లెక్క. కొత్త పొక్కులు ఆగి, ఉన్నవన్నీ ఎండి పక్కు కట్టాలి. సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. చూసేటప్పుడు తలలో, చెవుల వెనక, చంకల్లో, కాలి వేళ్ల మధ్య చూడండి, చివరి తడి పొక్కు దాక్కునేది అక్కడే. పక్కులు పూర్తిగా రాలే దాకా ఆపక్కర్లేదు, ఎండిన పక్కు నుంచి అంటుకోదు. టీకా వేసిన పిల్లలకి వచ్చే తేలికపాటి రకంలో నీరు చేరకుండా ఎర్ర చుక్కలే ఉండొచ్చు. వాళ్లకి 24 గంటల పాటు కొత్తవి రాకపోతే చాలు.

పక్కులు వారం రెండు వారాల్లో వాటంతటవే రాలతాయి. లాగేస్తే గుంట పడుతుంది. బాగా బిగుసుకున్నవాటికి పలచగా పెట్రోలియం జెల్లీ రాయండి. కింద మిగిలే నల్లటి, తెల్లటి మచ్చలు కొన్ని నెలల్లో కలిసిపోతాయి, అప్పటిదాకా ఎండ తగలకుండా చూస్తే త్వరగా పోతాయి.

పాపకి ఇక టీకా అక్కర్లేదు, రెండోసారి రావడం చాలా అరుదు. బాబుకి మాత్రం ఈ విడత రాకుండా తప్పిపోతే, ఏడాది నిండగానే మొదటి డోసు వేయించండి. జపాన్ వైద్యుడు మిచియాకి తకహాషి తన సొంత కొడుకు ఆటలమ్మతో పడిన అవస్థ చూశాక దాని మీద పనిచేసి, 1974లో తయారుచేసిన టీకా అది. రెండో డోసు ఎప్పుడన్నది మీ పిల్లల డాక్టరు చెబుతారు. మొదటి డోసు తర్వాత మూడు నెలలు గడిస్తే రెండోది వేయించొచ్చు. ఈలోగా పదకొండో తేదీ లాంటి మీ బాబు తేదీ ఏదో లెక్కగట్టి, అదే కాగితం మీద పాప తేదీ కింద రాసేయండి.